ఘాట్ ఎక్కని డీజిల్ కారు: టర్బో మార్చకుండా పట్టుకున్న రెండు లోపాలు

ముందు బండి వివరాలు. నాలుగు సిలిండర్ల 1,248 సీసీ టర్బో డీజిల్ సెడాన్, బీఎస్4 (పొగ నియమాల్లో ఒక స్థాయి), పసుపు నంబరు ప్లేటు. టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంపు. మీటరు రెండు లక్షల కిలోమీటర్లు దాటింది. విశాఖపట్నం నుంచి అరకు, బొర్రా గుహలకు టూరిస్టులను తిప్పడమే దాని పని. ఫిర్యాదు ఒక్కటే: శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యాక బండి లాగడం లేదు.

బండి నడిపేవాడే ఓనరు. మా షెడ్డుకి వచ్చేసరికే వేరే చోట్ల చాలా పని చేయించి ఉన్నాడు. డీజిల్ ఫిల్టరు మార్చారు, ఎయిర్ ఫిల్టరు మార్చారు, ఇంజెక్టర్లు విప్పి క్లీన్ చేసి బిగించారు. ఏం చేసినా తేడా రాకపోయేసరికి ఆఖరికి టర్బో పోయిందన్నారు. టర్బో కొనాలంటే ఒక సీజన్ సంపాదన పక్కన పెట్టాలి. అందుకే కొనే ముందు ఒకసారి చూడమని తీసుకొచ్చాడు.

అతను చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాను. "కింద రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు గురూగారూ, వంద కొట్టినా పోతాది. ఐదుగురు ఎక్కి ఏసీ వేస్తే మాత్రం టైడ దగ్గర్నుంచి సెకండ్ గేరు తప్పించి పడదు. వెనకాల నల్లటి పొగ. ఒక్కోసారి లైటు వెలిగి అసలు రైజింగే రాదు. పక్కకి ఆపి తాళం తీసి మళ్ళీ పెడితే కాసేపు బాగానే ఉంటాది, మళ్ళీ మామూలే."

ఈ నాలుగు ముక్కల్లోనే సగం పని అయిపోయింది. డ్రైవర్ మాటని మధ్యలో తుంచేసి బానెట్ ఎత్తడం నాకు నచ్చదు. రోజూ అదే దారిలో అదే బండి నడిపే మనిషికి తెలిసినంత ఏ స్కానరుకీ తెలియదు.

నల్ల పొగ అంటే డీజిల్ పడుతోంది, దాన్ని కాల్చడానికి సరిపడా గాలి లేదు. డీజిలే తక్కువైతే బండి నీరసపడుతుంది గానీ నల్లగా పొగ కొట్టదు. కాబట్టి ఫిల్టరు మూసుకుపోవడం, ట్యాంకులో జాలీ పట్టేయడం, పంపు బలహీనపడటం లాంటివి అనుమానాల వరుసలో వెనక్కి పోయాయి. కారే ఇంజెక్టరు కూడా నల్ల పొగ ఇస్తుంది, కానీ దానితో పాటు ఐడిల్‌లో టకటకమనే చప్పుడో, పొద్దున స్టార్టింగ్ ఇబ్బందో ఏదో ఒకటి ఉంటుంది. ఇక్కడ అవేమీ లేవు. ఇక తాళం తీసి పెడితే బాగవుతోందంటే, ఏదో ఒక లెక్క కుదరక ఇంజన్ కంప్యూటరే పవర్ కోసేస్తోందన్నమాట. ఒక భాగం పూర్తిగా విరిగిపోతే తాళం తీసి పెట్టినంత మాత్రాన అతుక్కోదు కదా.

కింద బాగుండి పైన ఎందుకు బాగోదు

ఈ ప్రశ్న ప్రతి టాక్సీ డ్రైవరూ అడుగుతాడు. "కొండ మీద గాలి పలచన" అనే జవాబు ఎవరో ఒకరు చెప్పేస్తారు కూడా. గాలి పలచబడే మాట నిజమే. సముద్ర మట్టం దగ్గర ఒక బార్ ఉండే గాలి ఒత్తిడి, 900 మీటర్ల ఎత్తుకి వెళ్ళేసరికి 0.91 దగ్గరికి పడుతుంది. టర్బో లేని పెట్రోలు బండికి అది దాదాపు పదో వంతు పవర్ నష్టం. కానీ టర్బో బండిలో ఆ లోటు టర్బో కొంచెం ఎక్కువ తిరిగి పూడ్చుకుంటుంది. పైగా ఈ బండి ఘాట్ మొదట్లోనే ఆయాసపడుతోంది. అక్కడ ఎత్తు ఇంకా పెద్దగా పెరగలేదు. కాబట్టి ఈ కారుకి ఆ జవాబు వర్తించదు.

అసలు కారణం బరువు. మనుషులు, సామాన్లతో కలిపి ఈ కారు దాదాపు 1,500 కిలోలు. చదును రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్లలో పోవడానికి చక్రాల దగ్గర మూడున్నర హార్స్ పవర్ సరిపోతుంది. అదే 40 స్పీడులో, ప్రతి వంద మీటర్లకి ఏడు మీటర్లు లేచే రోడ్డు ఎక్కాలంటే 19 కావాలి. ఐదు రెట్లు పైమాటే. చదును మీద 80లో పోయినా 12కి మించి అడగదు. అంటే హైవే మీద జోరుగా పోతున్నప్పటి కన్నా ఘాట్‌లో నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడే ఇంజన్ మీద భారం ఎక్కువ. టర్బో సాయం అందకపోతే ఇంత చిన్న డీజిల్ ఇంజన్ 1,800 ఆర్‌పీఎం దగ్గర ఇచ్చేది కూడా దాదాపు 20 హార్స్ పవరే. అందులోంచి ఏసీ కొంత తీసుకుంటుంది, గేర్ బాక్సు కొంత తింటుంది. ఇక థర్డ్ గేరు ఎక్కడ పడుతుంది? సెకండ్ గేరు వేసి ఆర్‌పీఎం పెంచుకోవడమే డ్రైవరుకి మిగిలిన దారి.

అందుకే ఈ లోపాన్ని షెడ్డులో నిలబెట్టి రేసు తొక్కి పట్టుకోలేం. న్యూట్రల్‌లో ఎంత తొక్కినా లోడు పడదు, లోడు లేకపోతే టర్బో పెద్దగా ఒత్తిడి కట్టదు. ఈ బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా ఉంది. పొగ వెలుతురుని ఎంత అడ్డుకుంటుందో కొలిచే లెక్కలో బీఎస్4 డీజిల్‌కి పరిమితి మీటరుకు 1.62, అందులో పాసయింది. అక్కడ చేసేది కూడా న్యూట్రల్‌లో రేసు తొక్కే పరీక్షే. ఘాట్‌లో నల్లగా కక్కే బండి అక్కడ శుభ్రంగా కనబడిందంటే ఎవరినీ తప్పు పట్టడానికి లేదు.

బయటికి వెళ్ళే ముందు షెడ్డులో చూసినవి

క్లచ్ జారుతోందేమో చూశాను. జారితే ఆర్‌పీఎం పైకి పోతుంది, స్పీడు పెరగదు, వాసన వస్తుంది. ఇక్కడ రెండూ కలిసే పడుతున్నాయి, కాబట్టి క్లచ్ కాదు. నాలుగు చక్రాలూ జాకీ మీద లేపి తిప్పాను, బ్రేకు ఎక్కడా పట్టేయలేదు. ఎయిర్ ఫిల్టరు కొత్తదే, కానీ ఫిల్టరు ముందున్న గొట్టం కూడా విప్పి చూశాను. అందులో ఎలుకలు గుడ్డపీలికలు, కొబ్బరి పీచు పోగేసి గూడు పెట్టిన బండ్లు నా దగ్గరికి వచ్చాయి. ఫిల్టరు కొత్తదని ఊరుకుంటే ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. ఇందులో ఏమీ లేదు.

స్కానర్ పెడితే ఒకే ఒక్క కోడ్: పి0299. టర్బో ఒత్తిడి కావాల్సినదాని కన్నా తక్కువగా ఉందని దాని అర్థం. టర్బో పోయిందన్న మాట బహుశా ఇక్కడే పుట్టి ఉంటుంది. ఈ కోడ్ చూడగానే టర్బో రాసిచ్చేయడం మా వృత్తిలో మామూలు అయిపోయింది. నాకు బాధ కలిగించే సంగతి అది. కంప్యూటరు చెప్పింది "నేను అడిగినంత ఒత్తిడి నాకు కనిపించలేదు" అని మాత్రమే. టర్బో ఒత్తిడి చేయలేదా, చేసినది దారిలో పోయిందా, ఉన్నదాన్ని సెన్సర్ సరిగా చదవలేదా అన్నది తేల్చాల్సింది మనం.

సెన్సర్ల సంగతి ముందే తేల్చుకోవాలి, లేకపోతే తర్వాత చూసే అంకెలన్నీ అనుమానమే. తాళం ఆన్ చేసి ఇంజన్ ఆపి ఉంచితే మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టం) ఒత్తిడి సెన్సరూ, వాతావరణ ఒత్తిడీ ఒకే అంకె చూపించాలి. రెండూ ఒక బార్ దగ్గరే ఉన్నాయి. ఇంజన్ ఐడిల్‌లో పెట్టి, స్కానర్‌తో ఈజీఆర్ వాల్వ్‌ని (సైలెన్సర్ వైపు పోయే పొగలో కొంత మళ్ళీ ఇంజన్‌లోకి పంపే వాల్వ్) మూయమని ఆదేశించి, లోపలికి వచ్చే గాలి చూశాను. ఈ సైజు ఇంజన్‌లో ఒక్కో స్ట్రోక్‌కి 300 మిల్లీగ్రాముల దగ్గర రావాలి. 280 చూపించింది. కొంచెం తక్కువ, అయినా సెన్సర్ చచ్చిపోయిందని చెప్పేంత తక్కువ కాదు. ఆ 20 మిల్లీగ్రాముల తేడాని మాత్రం నోట్‌బుక్‌లో గుండ్రంగా చుట్టి పెట్టుకున్నాను.

సింహాచలం ఎక్కుతూ తీసిన అంకెలు

లోడు మీద పరీక్ష అంటే ప్రతిసారీ అనంతగిరి దాకా పోనక్కర్లేదు. సింహాచలం ఘాట్ రోడ్డు చాలు. నలుగురు మనుషుల్ని ఎక్కించి, ఏసీ వేసి, థర్డ్ గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 2,500 ఆర్‌పీఎం దగ్గర రీడింగ్ తీయాలి. నడిపేది ఒకరు, ల్యాప్‌టాప్ పట్టుకునేది ఇంకొకరు. స్టీరింగ్ ముందు కూర్చుని స్కానర్ తెర చూడటం మా కుర్రాళ్ళకి నేను ఎప్పుడూ ఒప్పుకోను. వెనక బస్సు లేదని చూసుకుని, మలుపు లేని ముక్కలోనే తొక్కుతాం. రికార్డింగ్ ఆన్‌లో ఉంటుంది, తీరిగ్గా కిందికి వచ్చాక చదువుకుంటాం.

ఆ రికార్డింగ్‌లో కనిపించినది ఇది:

రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి అందే డీజిల్ ఒత్తిడి): అడిగింది 1,350 బార్, వచ్చింది 1,340.
మానిఫోల్డ్ ఒత్తిడి: అడిగింది 2.10 బార్, వచ్చింది 1.55.
గాలి: స్ట్రోక్‌కి 560 మిల్లీగ్రాములు.

మొదటి వరుసతో డీజిల్ వైపు అంతా నిర్దోషి అని తేలిపోయింది. ఫిల్టరు, పంపు, ప్రెషర్ రెగ్యులేటర్ అన్నీ భారం మీద అడిగినంత ఇస్తున్నాయి. రెండో వరుస కోడ్ చెప్పినదే మళ్ళీ చెప్పింది, స్కానర్ చూపించే ఒత్తిడిలో వాతావరణపు ఒక బార్ కలిసే ఉంటుంది కాబట్టి టర్బో 1.10 కట్టాల్సిన చోట 0.55 మాత్రమే ఉంది. సరిగ్గా సగం.

అసలు కథ మూడో వరుసలో ఉంది. దాన్ని విడిగా చూస్తే ఏమీ అర్థం కాదు, రెండో వరుస పక్కన పెట్టి లెక్క కడితేనే మాట్లాడుతుంది. లెక్క కష్టమైనది కాదు. 1,248ని నాలుగుతో భాగిస్తే ఒక్కో సిలిండర్ 312 సీసీ. 50 డిగ్రీల వేడిలో ఒక బార్ ఒత్తిడి దగ్గర ఒక సీసీ గాలి బరువు 1.08 మిల్లీగ్రాము. సిలిండర్ ఎప్పుడూ నూటికి నూరు శాతం నిండదు, 85, 90 మధ్యన నిండుతుంది. అన్నీ గుణిస్తే ఈ ఇంజన్‌కి ప్రతి బార్‌కి సుమారు 290 మిల్లీగ్రాములు. మానిఫోల్డ్‌లో 1.55 బార్ ఉంటే సిలిండర్‌లోకి పోయే గాలి 450 మాత్రమే కాగలదు.

ఎయిర్ ఫిల్టర్ దగ్గర కొలిచిన గాలి 560. సిలిండర్‌లోకి చేరగలిగింది 450. మధ్యలో 110 ఎటు పోయింది?

లోపలికి పీల్చిన గాలిలో ఐదో వంతు దారిలో బయటికి పోతోందన్నమాట. నల్ల పొగ గుట్టు కూడా ఇక్కడే విడిపోయింది. కంప్యూటరు 560 మిల్లీగ్రాముల గాలి వస్తోందని నమ్మి దానికి తగ్గ డీజిల్ కొడుతోంది. సిలిండర్‌లో అంత గాలి లేదు. కాలకుండా మిగిలిన డీజిల్ మసి అయి బయటికి వస్తోంది.

ఈ లెక్కకి ఇంకో ఉపయోగం ఉంది. టర్బోనే అరిగిపోయి ఒత్తిడి కట్టలేకపోతుంటే, కొలిచిన గాలీ ఒత్తిడీ రెండూ కలిసి తగ్గేవి, లెక్క సరిపోయేది. సైలెన్సర్ వైపు కేటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయినా అంతే, పీల్చడమే తగ్గుతుంది. కొలిచినది లెక్క కన్నా ఎక్కువ వచ్చిందంటే టర్బో తర్వాత ఎక్కడో లీకు. కొలిచినది లెక్క కన్నా తక్కువ వచ్చిందంటే గాలి రావాల్సిన చోటులో ఇంకేదో నిండుతోంది, అది చాలాసార్లు ఈజీఆర్ నుంచి వచ్చే పొగే. ఈ రెండు వాక్యాలూ నేర్చుకున్న కుర్రాడు డీజిల్ బండి పట్టుకుని తడుముకోడు.

లీకు పట్టుకోవడం

బానెట్ కింద చూస్తే ఎక్కడా పగులు లేదు. పైపులన్నీ శుభ్రంగా తుడిచి ఉన్నాయి, క్లాంపులు బిగువుగా ఉన్నాయి. ఇంజన్ ఐడిల్‌లో పెట్టి సబ్బు నీళ్ళు కొడితే ఏ బుడగా రాలేదు, రాదు కూడా. ఐడిల్‌లో ఆ పైపుల్లో బయటికి తన్నే ఒత్తిడే ఉండదు.

టర్బో మూతి దగ్గర గొట్టం విప్పి, ట్యూబు వాల్వ్ బిగించిన రబ్బరు మూత ఒకటి పెట్టి, కంప్రెసర్ నుంచి రెగ్యులేటర్ ద్వారా గాలి ఎక్కించాం. ఇలా చేసేటప్పుడు ఇంజన్ బ్రీదర్ పైపుని (ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే పైపు) తప్పనిసరిగా మూసేయాలి. మరిచిపోతే ఆ ఒత్తిడి ఆయిల్ సంపులోకి పోయి సీళ్ళని బయటికి తన్నేస్తుంది. రెగ్యులేటర్ లేకుండా నేరుగా కంప్రెసర్ గొట్టం పెట్టడం మహా ప్రమాదం, మూత ఊడి మొహం మీదికి వస్తుంది. మేం ఒక బార్ దాటనివ్వం, మూత ఎదురుగా నిలబడం.

0.3 బార్ దగ్గర నిశ్శబ్దం. 0.5 దగ్గర కూడా పెద్దగా ఏమీ లేదు. ఏదో ఒక సిలిండర్ వాల్వ్ తెరిచి ఉంటే వచ్చే సన్నటి శబ్దం మాత్రం ఉంది, అది మామూలే. 0.7 దాటేసరికి కింద నుంచి ఉస్సుమని మొదలై, అలాగే పెద్దదైంది. లిఫ్ట్ మీద బండి ఎత్తి ఇంజన్ కింది ప్లాస్టిక్ కవరు తీశాం. కవరు పైముఖం మీద విసనకర్ర ఆకారంలో నూనె చిమ్మిన మరక ఉంది, దాని మీద దుమ్ము పేరుకుని నల్లగా ముద్ద కట్టింది. మరక మొదలు ఎక్కడుందో దానికి సరిగ్గా పైన ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే జాలీ) నుంచి మానిఫోల్డ్‌కి పోయే రబ్బరు హోసు.

హోసు చేత్తో పట్టుకుని తిప్పితే, క్లాంపు అంచు వెంబడి, అదీ కిందివైపు, అంగుళం పైన పొడవున చీలిక. చల్లగా ఉన్నప్పుడు, ఒత్తిడి లేనప్పుడు దాని అంచులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, గోరు పెట్టి రాస్తే తప్ప తెలియదు. హోసు కొంచెం వంచితే చేప మొప్పలాగా తెరుచుకుంది. లోపలి పొర నూనెకి నాని మెత్తబడి ఉబ్బింది. మనం పైనుంచి టార్చి వేసి చూసే వైపు మాత్రం కొత్తదానిలా ఉంది.

చీలడానికి కారణం రెండు రకాలుగా కనిపించింది. బ్రీదర్ నుంచి వచ్చే నూనె ఆవిరి ఏ డీజిల్ బండిలో అయినా కొంత ఈ పైపుల్లోకి చేరుతుంది, లోపల నూనెని తట్టుకునే పూత లేని హోసు అయితే కొన్నాళ్ళకి నానిపోతుంది. ఈ హోసు మీద కంపెనీ ముద్ర లేదు, ఎప్పుడో బయట దొరికినది వేశారు. రెండోది క్లాంపు. స్ప్రింగు క్లాంపు ఉండాల్సిన చోట స్క్రూ క్లాంపు పెట్టి బలంగా బిగించారు. దాని అంచు రబ్బరులోకి దిగి గాడి పెట్టింది, ఆ గాడి వెంబడే చిరిగింది. ఎక్కువ బిగిస్తే ఎక్కువ భద్రం అనుకోవడం మెత్తటి రబ్బరు దగ్గర పనికిరాదు.

హోసు విప్పినప్పుడు ఇంటర్‌కూలర్ కూడా దించి వంచాం. అరకప్పు లోపే నూనె వచ్చింది. పలచటి పొర ఉంటే పట్టించుకోనక్కర్లేదు, మడుగు కట్టి ఉంటే మాత్రం వదిలేయకూడదు. డీజిల్ ఇంజన్ ఆ నూనెని ఒక్కసారిగా పీల్చిందంటే దాన్నే ఇంధనంగా తీసుకుని తాళం తీసినా ఆగకుండా పరుగెడుతుంది. ఇంటర్‌కూలర్ కడిగి ఆరబెట్టాం.

టర్బోని కూడా వదల్లేదు, అనుమానం పూర్తిగా తీరాలి కదా. షాఫ్ట్ పక్కలకి కొద్దిగా ఆడుతోంది, అది ఆయిల్ పొర మీద తిరిగే బేరింగుకి సహజం. ముందుకీ వెనక్కీ ఆట లేదు. రెక్కలు ఎక్కడా రాసుకోలేదు. టర్బో ఒత్తిడి హద్దు దాటకుండా చూసే వేస్ట్ గేట్ యాక్చుయేటర్‌కి చేతి పంపుతో గాలి పెడితే కడ్డీ సాఫీగా కదిలి, గాలి వదలగానే వెనక్కి వచ్చింది. టర్బో మంచిదే.

నూనె తట్టుకునే లోపలి పూత ఉన్న అసలు హోసు తెప్పించాం. రెండు మూతులూ నూనె జిడ్డు లేకుండా తుడిచి, స్ప్రింగు క్లాంపులతో, మూతి మీద ఉన్న గట్టు దాటేలా ఎక్కించాం. జిడ్డు మీద హోసు ఎక్కిస్తే ఒత్తిడికి జారి ఊడిపోతుంది. మళ్ళీ ఒక బార్ గాలి ఎక్కించి చూశాం. నిశ్శబ్దం.

బాగైంది, పూర్తిగా కాదు

మళ్ళీ సింహాచలం, అదే రోడ్డు ముక్క, అదే గేరు, అంతే మంది. ఎక్కడం మొదలవ్వగానే డ్రైవరు మొహం వెలిగిపోయింది. "ఇదీ బండంటే! ఇంక తీసుకుపోతాను గురూగారూ" అన్నాడు. సీట్లో కూర్చున్నవాడికి తేడా అంత స్పష్టంగా ఉంది. నేను మాత్రం రికార్డింగ్ చదివాక ఇస్తానన్నాను.

మానిఫోల్డ్ ఒత్తిడి 2.05 బార్. అడిగినది 2.10, ఇది బాగుంది. ఇప్పుడు లెక్క: 2.05ని 290తో గుణిస్తే 595 మిల్లీగ్రాములు. కొలిచిన గాలి మాత్రం 505. ఈసారి లెక్క అటు తిరిగింది, కొలిచినది 90 తక్కువ.

సిలిండర్‌లో గాలి ఉండాల్సిన చోట పొగ నిండుతోంది. ఫుల్ లోడులో ఈజీఆర్ వాల్వ్ పూర్తిగా మూసుకుని ఉండాలి. ఈ బండిలో అది మూసుకోవడం లేదు. ఐడిల్‌లో 300 రావాల్సిన చోట 280 వచ్చిన సంగతి గుర్తుందా? స్కానర్ మూయమని ఆదేశించినా వాల్వ్ పూర్తిగా మూసుకోలేదు, ఆ సందులోంచి దూరిన పొగే ఆ 20ని తినేసింది.

రెండు లోపాలూ ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకున్నాయి. చిరిగిన హోసు కొలిచిన గాలిని లెక్క కన్నా పైకి తోస్తుంటే, తెరిచి ఉన్న ఈజీఆర్ కిందికి లాగుతోంది. మొదటి రికార్డింగ్‌లో కనిపించిన 110 ఆ రెండూ పోగా మిగిలిన తేడా, అసలు లీకు అంతకన్నా ఎక్కువే. హోసు బాగుచేశాక గానీ రెండోది బయటపడే వీలు లేదు. అందుకే ఒక రిపేరు అయ్యాక, డ్రైవరు ఎంత సంతోషంగా ఉన్నా, మొదటి పరీక్షనే యథాతథంగా మళ్ళీ చేయాలంటాను.

ఈజీఆర్ వాల్వ్ విప్పితే లోపల మసీ నూనే కలిసి తారులా పట్టేసి ఉంది. వాల్వ్ కూర్చునే సీటు అంచున గట్టిపడిన బొగ్గు పెచ్చు ఒకటి అడ్డం పడి, వాల్వ్‌ని సన్నటి సందు మేర పైకి లేపి ఉంచింది. ఇంత మసి ఎక్కడిదంటే, లీకు వల్ల వచ్చిన నల్ల పొగలో కొంత ఈ దారినే వెనక్కి తిరిగింది. పైగా టూరిస్టులు గుహలు చూసి వచ్చేదాకా ఏసీ వేసి గంటల తరబడి ఐడిల్‌లో ఉంచే అలవాటు. తక్కువ లోడులోనే ఈజీఆర్ ఎక్కువగా తెరుచుకుంటుంది, అప్పుడే మసి చేరుతుంది.

క్లీనర్ కొట్టి నానబెట్టి, చెక్క పుల్లతో గీకి తీశాం. ఇనుప స్క్రూడ్రైవర్ పెడితే సీటు మీద గీతలు పడి వాల్వ్ ఇక ఎప్పటికీ సరిగా కూర్చోదు. కొత్త గ్యాస్కెట్ వేసి, స్కానర్‌తో తెరిచి మూసి చూసి, మూసుకున్న స్థానాన్ని కంప్యూటరుకి మళ్ళీ నేర్పాం.

ఇక్కడ డ్రైవరు ఒక మాట అడిగాడు. స్టాండులో అందరూ ఈజీఆర్‌కి రేకు ముక్క అడ్డం పెట్టి మూయించేస్తున్నారు, మనమూ అలా చేసేస్తే పీడ వదిలిపోతుంది కదా అని. చేయనని చెప్పాను. ఈజీఆర్ ఉన్నది సిలిండర్‌లో వేడి తగ్గించి నైట్రోజన్ ఆక్సైడ్లు పుట్టకుండా చూడటానికి. అది మూసేస్తే బండి పొల్యూషన్ నియమాలకు విరుద్ధం అవుతుంది. బొర్రా గుహల దగ్గర వరుసగా ఆగే బండ్ల మధ్యే అతని పిల్లల వయసు పిల్లలు జొన్న పొత్తులు కాల్చి అమ్ముతుంటారు, ఆ గాలి పీల్చేది వాళ్ళే. పైగా వాల్వ్ ఎందుకు పట్టేసిందో కారణం తెలిసి, దాన్ని తీసేశాక మూయాల్సిన అవసరమే లేదు.

అనంతగిరి దాకా

మూడోసారి సింహాచలంలో అంకెలు: ఒత్తిడి 2.06 బార్, లెక్క 597, కొలిచినది 585. ఇంత దగ్గరికి వస్తే చాలు. ఐడిల్‌లో గాలి 280 నుంచి 298కి వచ్చింది. కోడ్ చెరిపేశాక తిరిగి రాలేదు.

ఆ తర్వాతే ఘాట్‌కి వెళ్ళాం. శృంగవరపుకోటలో టీ తాగి, నిండా మనుషులతో, ఏసీ వేసి బయల్దేరాం. టైడ దాటాక ఏటవాలు ముక్కల్లో థర్డ్ గేర్ నిలబడింది, హెయిర్‌పిన్ మలుపుల దగ్గర మాత్రమే సెకండ్‌కి దిగాల్సి వచ్చింది, ఈ ఇంజన్‌కి అది న్యాయమే. వెనక కూర్చున్న మా కుర్రాడు అద్దంలోంచి చూస్తూ పొగ లేదని చెబుతూనే ఉన్నాడు. అనంతగిరి కాఫీ తోటల దగ్గర ఆపి తాళం ఆన్‌లో పెట్టి చూస్తే వాతావరణ ఒత్తిడి 0.91కి దిగింది. గాలి పలచబడిన చోట కూడా మానిఫోల్డ్‌లో రెండు బార్లకి తక్కువ కాలేదు.

బండి అప్పజెప్పేటప్పుడు మూడు సంగతులు చెప్పాను. ఘాట్ ఎక్కి ఆగగానే తాళం తీసేయకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే టర్బో బేరింగుకి ఆయిల్ అంది వేడి తగ్గుతుంది. అంతకు మించి గంటలు గంటలు ఐడిల్‌లో ఉంచితే ఈజీఆర్‌లో మళ్ళీ మసి చేరుతుంది, టూరిస్టులు దిగాక నీడలో పెట్టి ఇంజన్ ఆపేయమన్నాను. ఆయిల్ మార్చిన ప్రతిసారీ కింది కవరు తీయించి హోసు అడుగుభాగాన్ని వేళ్ళతో తడిమి చూడమన్నాను.

ఇంటర్‌కూలర్‌లో దొరికిన నూనె విషయం ఒక్కటి తెరిచే ఉంది. బ్రీదర్‌లో నూనెని వేరుచేసే డబ్బా శుభ్రం చేశాను, టర్బో సీలు ఆరోగ్యంగానే ఉందని నా అంచనా. వచ్చే సర్వీసులో ఆ హోసు విప్పి ఇంటర్‌కూలర్‌ని మళ్ళీ వంచి చూస్తాను. ఈసారి అరకప్పు దాటి వస్తే, సర్వీసుకీ సర్వీసుకీ మధ్య డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా తగ్గుతుంటే, అప్పుడు టర్బో గురించి మాట్లాడుకుందామని అతనికి చెప్పి పంపించాను.